మెట్ల దగ్గర ఫోను

అక్కా,

కళ్ళజోడు తుడుచుకుని కూర్చో. ఈసారి ఉత్తరం కొంచెం పొడుగు. ఫోన్లో చెబుదామంటే నీకేమో అరిస్తే తప్ప వినపడదు, ఇదేమో నేను అరిచి చెప్పగలిగే సంగతి కాదు. పక్కగది వాళ్ళు గోడకి చెవి ఆనించి వింటారు. అందుకని రాస్తున్నాను. నువ్వు కూడా పైకి చదవకు. మెల్లగా చదువుతున్నానని నీకు అనిపిస్తుంది గానీ వీధి చివరి వరకూ వినపడుతుంది.

నా లిఫ్టు నడిపే పని పోయిందని, అదే బిల్డింగులో ఇంకేదో చిన్న పని ఇచ్చారని ఇదివరకు రాశాను. ఆ పనేమిటో రాయలేదు. నవ్వుతావని. నేలకింద అంతస్తులో, చూపు లేని వాళ్ళ కోసం పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసే గది ఒకటి ఉంది. గోడలన్నిటికీ స్పాంజి అంటించారు. లోపలి మాట బయటికి పోదు, బయటి చప్పుడు లోపలికి రాదు. ఒకవైపు మాత్రం అద్దం. లోపల ఒక పెద్దావిడ కూర్చుని చదువుతుంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉంటుంది. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి మైకమ్మ అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆవిడ పలుకుతుంది.

కాగితం పుస్తకమైతే పేజీ తిప్పినప్పుడు చప్పుడు మైకులో పడుతుంది. అందుకని టాబ్లెట్‌లో చూసి చదువుతుంది. టాబ్లెట్ అంటే పలకలాగా ఉండే పెద్ద ఫోను అనుకో. పుస్తకం అందులో ఉండదు. ఎక్కడో పెద్ద లైబ్రరీలో ఉంటుంది, నెట్ ద్వారా ఒక్కో పేజీ వస్తుంది. దించుకుని దాచుకోవడానికి వాళ్ళు ఒప్పుకోరు. ఆ పలకకి సొంతంగా నెట్ లేదు. కింద అంతస్తుకి వైరు లాగడానికి బిల్డింగు యజమాని ఒప్పుకోలేదు. అక్కడే నేను పనికొచ్చాను. నా ఫోన్లో ఉన్న నెట్‌ని దానికి ఇస్తాను. హాట్‌స్పాట్ అంటారు. మన మోటరు నీళ్ళు పైపు వేసి పక్క చేనుకి పారించినట్టు. మెట్లు దిగీ దిగగానే, అద్దానికి ఇవతల, ఒక వెంటిలేటర్ ఉంది. ఆ చుట్టుపక్కల సిగ్నల్ వచ్చేది అక్కడొక్కచోటే. దాని కింద కుర్చీ వేసుకుని, ఫోను దాని గూట్లో పెట్టి కూర్చుంటాను. అదే నా ఉద్యోగం. ఇన్‌చార్జి మేడమ్ నన్ను పెద్దాయనా అంటుంది గానీ, మిగతావాళ్ళు హాట్‌స్పాట్ తాత అంటారు. ఇప్పుడు నవ్వుకో.

మొదట్లో ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకరోజు మైకమ్మగారు బయటికి వచ్చి ఒక హెడ్‌ఫోను నా చేతికిచ్చింది. "గోడ చూస్తూ ఎంతసేపని కూర్చుంటారు, వినండి" అంది. అంతే అక్కా. అప్పట్నించి వింటున్నాను. మనిద్దరం చదివిన చదువెంతో నీకు తెలుసు. నువ్వు ఐదు, నేను ఏడు. పుస్తకం అంటే పరీక్షకి బట్టీ పట్టేది అనుకున్నాను. మనుషుల గురించి ఇంత రాస్తారని తెలియదు. ఇప్పుడు ఓడ మీద వంటవాడిగా పనికెళ్ళిన ఒకతని కథ చదువుతోంది. ఆవిడ గొంతు గొప్పగా ఏమీ ఉండదు. కొంచెం జీర. కానీ పక్కన కూర్చుని నాకొక్కడికే చెబుతున్నట్టు ఉంటుంది. మధ్యలో తలెత్తి అద్దంలోంచి చూస్తుంది. నా మొహం చూసి కొన్నిచోట్ల నెమ్మదిగా చదువుతుంది. ఒకసారి నాకు కునుకు పట్టింది. చదవడం అయ్యాక బయటికి వచ్చి, "ఆ అధ్యాయం నాకూ నచ్చలేదు లెండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పలక బ్యాటరీ ఉబ్బిపోయింది. దాత ఒకాయన కొత్తది కొనిస్తానన్నాడు. రెండు రకాలున్నాయి, ఏది కావాలో చెప్పమన్నాడు. ఇన్‌చార్జి మేడమ్ నన్ను షాపుకి పంపింది. షాపులో మనిషి మర్యాదగానే చెప్పాడు. ఒకటి ఇప్పటిలాంటిదే, ఫోను హాట్‌స్పాట్‌తో నడుస్తుంది. రెండోదానికి లోపలే సిమ్ వేసుకోవచ్చు, సొంత బోరు ఉన్నట్టు. ఏది మంచిదయ్యా అన్నాను. "హాట్‌స్పాట్‌తో ఫోను వేడెక్కుతుంది, చార్జింగు నిలవదు. అయినా పర్వాలేదనుకోండి. ఒక్కటే చూసుకోవాలి. ఆ ఫోను ఉన్న మనిషి ఎప్పుడూ పక్కనే ఉంటాడా?" అన్నాడు.

కనుక్కుని చెబుతానని వచ్చేశాను. ఎవర్ని కనుక్కోవాలో తెలియక నీకు రాస్తున్నాను. మీ మరదలు పోయాక నేను ఎవరి పక్కనా ఇంతసేపు కూర్చోలేదు. ఇంతకంటే రాయలేను. నీకు అర్థమవుతుంది.

మందులు మానకు.

నీ తమ్ముడు

*

అక్కా,

నీ ఉత్తరం చేరింది. నీ చేతిరాత చూస్తేనే నువ్వు తిడుతున్నట్టు ఉంటుంది, చదివితే నిజంగానే తిట్టావు. "అరవయ్యేళ్ళు దాటినా నోట్లో నాలుక లేని సన్నాసివి, ఉన్నమాట చెప్పేసెయ్" అని రాశావు. అది అందేసరికే చెప్పేశాను. ఉన్నమాట కాదు, ఇంకోటి.

షాపుకి వెళ్ళొచ్చిన మర్నాడు ఆవిడ చదవడం ముగించి, మంచినీళ్ళ సీసా పట్టుకుని బయటికి వచ్చింది. ఎప్పుడూ నిలబడే మాట్లాడేది, ఆవేళ మెట్టు మీద కూర్చుంది. "షాపుకెళ్ళారటగా, ఏమన్నాడు?" అని అడిగింది. ఇదిగో ఇలా ఇలా అని చెప్పాను. పక్కనే ఉంటాడా అని అడిగిన మాట మాత్రం మింగేశాను.

"మరి మీరేమంటారు?" అంది.

"నేననేదేముందండి."

"ఉంది. ఫోను మీది, కూర్చునేది మీరు. దాత ఏదైనా ఇస్తాడు. మీరు చెప్పండి."

నా నోటిదాకా వచ్చింది అక్కా. ఇప్పటిలాగే ఉండనివ్వండి అని. కానీ ఆ క్షణాన నా వల్ల ఆవిడ పడ్డ ఇబ్బందులు గుర్తొచ్చాయి. ఒకరోజు నేను జ్వరంతో రాలేకపోతే, అంత దూరం బస్సెక్కి వచ్చి వెనక్కి వెళ్ళింది. ఇంకోరోజు ఫోను వేడెక్కి ఆగిపోతే మంచి ఘట్టంలో చదువు తెగిపోయింది. నా సరదా కోసం ఆవిణ్ణి నా ఫోనుకి కట్టేసి ఉంచడం ఏం న్యాయం అనిపించింది. "సొంత సిమ్ ఉన్నదే తీసుకోండి, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అన్నాను.

ఆవిడ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. తర్వాత, "మీకు మోకాళ్ళ నొప్పులు కదూ, ఈ మెట్లు కష్టమే" అంది. "అవునండి" అన్నాను. నాకు అంత నొప్పులేమీ లేవు. కానీ ఆవిడే అన్నాక కాదంటే, ఏదో ఆశపడి ఇక్కడ కూర్చుంటున్నట్టు తెలిసిపోతుందని భయం. "సరే అయితే, అదే కొనమంటాను" అని లేచింది. మెట్లెక్కుతూ వెనక్కి చూడలేదు.

కొత్త పలక వచ్చింది. ఇన్‌చార్జి మేడమ్ సంతోషంగా టీ ఇప్పించి, "పెద్దాయనా, ఇక మీకు విడుదల. హాయిగా ఇంట్లో ఉండండి" అంది. హెడ్‌ఫోను వైరు చుట్టి మేకుకి తగిలించాను. మైకమ్మగారు అప్పటికే లోపల కూర్చుని, కొత్త దాన్ని ముందు పెట్టుకుని ఏదో నొక్కుతోంది. అద్దంలోంచి చెయ్యెత్తాను. తనూ ఎత్తింది. వచ్చేశాను.

ఇంట్లో ఉండటం ఇంత పని అని తెలియదు. పొద్దున లేస్తాను, గది ఊడుస్తాను, బట్టలు పిండేస్తాను, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచదు. లిఫ్టులో ఉన్నన్నాళ్ళూ రోజంతా పైకీ కిందికీ తిరిగినా ఎవరి మాటా పట్టించుకున్నవాణ్ణి కాను. ఇప్పుడు మనుషులు మాట్లాడుతుంటే వింటున్నాను. పాలు పోసేవాడు, కూరలమ్మే ఆవిడ, ఎదురింట్లో పిల్లలకి లెక్కలు చెప్పే తల్లి. ఎవరిదీ ఆ గొంతు కాదు. ఇంకోటి చెబుతాను, నవ్వకు. ఆవిడ చదివే వేళకి నేను రోజూ ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తున్నాను. అలవాటు కొద్దీ మొదటిరోజు చేశాను. తర్వాత అలవాటు కాదని తెలిసే చేస్తున్నాను. ఎవరెవరు కలిశారో అది చూపిస్తుంది. ఇదివరకు దాని కింద ఆవిడ పలక పేరు కనపడేది. ఇప్పుడు ఎవరూ కలవలేదని చూపిస్తుంది. బిల్డింగు ఎక్కడ, నా గది ఎక్కడ. కలవదని తెలుసు. చదువు అయిపోయే వేళ దాకా చూసి కట్టేస్తాను.

ఆ కథలో వంటవాడు తను దిగాల్సిన రేవు కాకుండా వేరే రేవులో దిగిపోయాడు. అక్కడిదాకా విన్నాను. ఊరుకాని ఊళ్ళో, చేతిలో గరిటె తప్ప ఏమీ లేకుండా నిలబడ్డాడు. తర్వాత ఏమయిందో తెలియదు. ఆ పుస్తకం పేరు అడగాలని కూడా తోచలేదు, రోజూ వింటానే కదా అనుకున్నాను.

ఆవిడకి మేలే జరిగింది. నేను ఉన్నా లేకపోయినా చదువు సాగుతుంది. అలా సాగాలనే కదా చెప్పాను. చెప్పినప్పుడు ఇంత బరువుగా ఉంటుందని తెలియదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నువ్వు ఎప్పట్నించో రమ్మంటున్నావు. వస్తాను. ఇంటివాళ్ళకి గది ఖాళీ చేస్తానని చెప్పేశాను. నీ పక్కగదిలో ఉన్న సామాను తీయించు. నాకు మంచం, కిటికీ ఉంటే చాలు. నువ్వు తిడుతుంటే వింటూ కూర్చుంటాను. ఈమధ్య వినడం బాగా అలవాటయింది.

నీ తమ్ముడు

*

అక్కా,

నాకోసం బస్టాండుకి ఎవర్నీ పంపకు. నేను రావట్లేదు. కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. మొత్తం చదివాక తిట్టు.

బట్టలు సంచిలో సర్దుతున్నాను. ఇన్‌చార్జి మేడమ్ ఫోన్ చేసింది. "పెద్దాయనా, మైకమ్మగారి ఒంట్లో ఎలా ఉంది, మీకేమైనా తెలుసా?" అంది. ఏమైందండీ అన్నాను. "ఏ రోజు చదివింది ఆ రోజే పంపుతాం కదా, వినేవాళ్ళు వరసగా ఫోన్లు చేస్తున్నారు. చదివే ఆవిడ ఆయాసపడుతోంది, ఆవిడకి విశ్రాంతి ఇవ్వండి అని. ఒకాయనైతే మందు పేరు కూడా చెప్పాడు. అడిగితే ఏం లేదంటుంది. మీరు ఇన్నాళ్ళూ దగ్గర కూర్చున్నవాళ్ళు కదా, ఇదివరకు ఏమైనా ఉందా?" అంది. ఉన్నపళంగా చెప్పులేసుకుని బయల్దేరాను. బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ, ఆ డ్రైవర్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. పైకి కాదులే.

మెట్లు దిగబోతూ ఆగిపోయాను. వెంటిలేటర్ కింద, నా కుర్చీ మీద, మైకమ్మగారు ఎక్కి నిలబడి ఉంది. రెండు చేతులతో ఆ పలకని నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది, బావి దగ్గర నిండు బిందె ఎత్తుకుంటున్నట్టు. మెడ వెనక్కి వాల్చి తెర వైపే చూస్తోంది. పేజీ వచ్చినట్టుంది. గబగబా కుర్చీ దిగి, పలక గుండెకి ఆనించుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎర్ర దీపం వెలిగింది. అది వెలిగితే రికార్డింగు నడుస్తున్నట్టు. కాసేపటికి ఆరింది. తలుపు తెరుచుకుని మళ్ళీ కుర్చీ దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను దిగి అక్కడ నిలబడి ఉన్నాను.

"మీరా" అంది.

"మీకు ఆయాసమటగా."

"పేజీకోసారి కుర్చీ ఎక్కి దిగితే రాదూ?"

"ఇది పనిచెయ్యట్లేదా?"

"భేషుగ్గా పనిచేస్తోంది. ఇక్కడ. లోపల చెయ్యదు. సొంత సిమ్ అయితే మాత్రం, నేల కిందికి, స్పాంజి గోడల్లోకి సిగ్నల్ రావద్దూ. ఇక్కడ ఒక పేజీ పట్టుకుని, అది పోయేలోగా లోపల చదివేస్తున్నాను. పిట్ట పిల్లలకి మేత మోసినట్టు."

నేను ఏది మంచిదని చెప్పానో అదే ఆవిణ్ణి ఈ వయసులో కుర్చీ ఎక్కించింది. షాపువాడిని ఎన్నో అడిగాను గానీ, ఇది వాడే చోటు నేల కింద అని చెప్పలేదు. వాడు అడిగిన ఆ ఒక్క మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

"నాకు కబురు పెట్టకపోయారా" అన్నాను.

"మీకు మోకాళ్ళ నొప్పులన్నారు."

"మీకు లేవా?"

"బోలెడు" అని నవ్వింది. నవ్వుతుంటే కూడా ఆయాసపడింది. కుర్చీ తుడిచి ఇచ్చాను, కూర్చుంది.

"ఇన్‌చార్జి గారికైనా చెప్పాల్సింది కదండీ."

"చెబితే మిమ్మల్ని పిలిపిస్తుంది. వదిలించుకుని వెళ్ళిన మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టు ఏం బాగుంటుంది?"

"నేనెక్కడ వదిలించుకున్నానండీ."

"ఎవరి మీదా ఆధారపడక్కర్లేదని అన్నది ఎవరు? మెట్టు మీద కూర్చుని అడిగాను కూడా. విసుగొచ్చింది, పాపం పైకి చెప్పలేకపోతున్నాడు అనుకున్నాను."

"మీకు వీలుగా ఉంటుందని అన్నాను."

"నాకు వీలుగా ఉందో లేదో నన్ను అడగరా?"

అక్కా, ఆవిడ బడిపిల్లల్ని ఎలా గదమాయించేదో అప్పుడు తెలిసింది. తల దించుకుని నిలబడ్డాను. చివరికి, "నేను ఊరెళ్ళిపోతున్నానండి. మా అక్క దగ్గరికి. రేపు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. చెప్పకుండా వెళ్ళిపోవడం బాగోదనేమో.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. పలక మీద వేలితో తుడుస్తూ, "అక్కగారు ఎదురుచూస్తుంటారు. వెళ్ళిరండి. సొంతవాళ్ళ దగ్గర ఉండటమే మంచిది" అంది.

సరేనండి అనబోయాను. నా నోరు దానికి బాగా అలవాటు పడింది. మెట్టు మీద కాలు కూడా పెట్టాను. అప్పుడు తట్టింది. ఈ మాట నేను ఆవేళ చెప్పిన మాటలాంటిదే. ఎదుటివాళ్ళకి వీలుగా ఉండాలని చెప్పే మాట. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఆవేళ వెనక్కి చూడకుండా మెట్లెక్కిపోయినప్పుడు కూడా తుడుచుకునే ఉంటుంది, నేను వెనకనించి చూశాను కాబట్టి తెలియలేదు.

"ఉండమంటే ఉంటాను" అన్నాను.

అంతే అన్నాను. నీకిది చిన్న మాటలా కనపడుతుంది. నాకు చెమట పట్టేసింది.

ఆవిడ పలక ఒళ్ళో పెట్టుకుంది. "మీ ఫోను ఇటివ్వండి" అంది. ఇచ్చాను. చేతిసంచిలోంచి పిన్నీసు తీసి, కొత్త పలక పక్కన ఉన్న చిన్న చిల్లులో గుచ్చింది. లోపలున్న సిమ్ బయటికి వచ్చింది. నా ఫోన్లో రెండో సిమ్‌కి చోటు ఖాళీగానే ఉంది. గోరంత ఉన్న ఆ సిమ్‌ని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, పడిపోకుండా పట్టుకుని, అందులో పెట్టింది. "ఇది ఆఫీసువాళ్ళు నాకిచ్చింది. లోపల దానికి అన్నం పుట్టదు. మీ దగ్గర ఉంటే నాకూ పుడుతుంది" అంది. ఫోను మళ్ళీ వెలిగి, ఇప్పుడు రెండు నంబర్లున్నాయి, ఏది వాడమంటావు అని అడిగింది. ఆవిడే వేలితో నొక్కింది. ఫోను గూట్లో పెట్టాను. హాట్‌స్పాట్ ఆన్ చేశాను. కింద కొత్త పలక పేరు వచ్చింది. చాలాసేపు ఆ పేరు చూస్తూ ఉన్నాను అక్కా.

ఇన్‌చార్జి మేడమ్‌కి చెబితే ముందు ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వింది. "అంత మంచిది కొనిపించి, చివరికి మళ్ళీ హాట్‌స్పాట్ తాతేనా" అంది. మైకమ్మగారు ఊరుకోలేదు. "తాత అంటే ఒప్పుకోను, నాకంటే చిన్నవాడు" అంది. నిజమే, రెండేళ్ళు చిన్న అట. నాకు ఇప్పుడే తెలిసింది. నువ్వు దీని మీద ఏదో ఒకటి అంటావని తెలుసు. అనుకో.

ఇంటివాళ్ళకి గది ఖాళీ చెయ్యట్లేదని చెప్పాను. నువ్వు పక్కగది తుడిపించే ఉంటావు. ఆ కష్టానికి నన్ను ఎంత తిట్టినా సరే. వేసవిలో నాలుగు రోజులు వస్తాను. ఒక్కణ్ణే వస్తానో లేదో ఇప్పుడే అడగకు. ఆవిణ్ణి అడగడానికి నాకు ఎంతకాలం పడుతుందో నీకు తెలుసు.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ఆవేళ ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను హెడ్‌ఫోను పెట్టుకున్నాను. ఎర్ర దీపం వెలిగింది. చదవడానికి ముందు గొంతు సవరించుకుని, "మొదలుపెడుతున్నాను, వింటున్నారా?" అంది. అద్దంలోంచి చూసి తలాడిస్తే సరిపోయేది. నా ముందు బల్ల మీద ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే నా మాట లోపల చిన్న స్పీకర్లో వినపడుతుంది. అక్కడ కూర్చున్నన్నాళ్ళూ దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆవేళ నొక్కి, "వింటున్నాను" అన్నాను. ఎర్ర దీపం సంగతే మరిచిపోయాను, రికార్డింగు అప్పటికే నడుస్తోందట. నా మాట కూడా అందులో పడిపోయింది. చదువు అయ్యాక చెప్పింది. చెరిపెయ్యండి అన్నాను. చెరపను అంది. ఎక్కడెక్కడో చూపు లేని వాళ్ళు ఆ పుస్తకం పెట్టుకున్నప్పుడు, ఒక అధ్యాయం మొదట్లో ముసలి గొంతు ఒకటి వింటున్నాను అంటుంది. ఎవరా అనుకుంటారు వాళ్ళు. నీకు మాత్రం తెలుసు.

నీ తమ్ముడు